దండ వేసే ఫోటో కోసం ఫిలింనగర్ దాకా

ఫిలింనగర్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా ఏలూరులో అందరూ ఒకే ప్రశ్న వేస్తున్నారు, ఏ హీరో కనిపించాడని. ఎవరూ కనిపించలేదు. నేను వెళ్ళింది నాగరత్నం నాట్యం ఫోటో తీయడానికి. పోయిన నా భార్యకు ఆమె చెల్లెలు. సినిమాల్లో గ్రూపు డాన్సరుగా పాతికేళ్ళ పైన పనిచేసింది. మీరందరూ ఆమెను చూసే ఉంటారు కానీ గుర్తుపట్టలేరు. హీరోయిన్ వెనక, ఎడమ పక్క, చివరి వరసలో ఉండేది.

నేను ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి రిటైరైనవాణ్ణి. సెలవు రోజుల్లో కెమెరా పట్టుకుని ఉత్సవాల్లో కూచిపూడి ప్రదర్శనలు తీసేవాణ్ణి. రోజూ డైరీ రాసే అలవాటు చిన్నప్పటిది. అందులోంచి ఆ నాలుగు రోజులూ ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

ఒక మధ్యాహ్నం రత్నం ఫోన్ చేసింది.

"బావగారూ, మీ కెమెరా ఇంకా పనిచేస్తోందా?"

"పనిచేస్తోంది. ఏం?"

"అయితే ఒకసారి రండి. నాకు దండ వేసే ఫోటో కావాలి."

ఆమెకు క్యాన్సరని మాకు ముందే తెలుసు. ఇక లాభం లేదని డాక్టర్లు మందులు ఆపేశారని ఆ ఫోన్‌లోనే తెలిసింది. మన ఇళ్ళలో మనిషి పోయాకే ఫోటో కోసం వెతుకుతాం. ఏ పెళ్ళి ఫోటోలోనో నలుగురి మధ్య నిలబడ్డ మొహాన్ని కత్తిరించి, పెద్దది చేయించి, గంధం బొట్టు పెడతాం. రత్నానికి అది వద్దు. పాత డాన్సర్లంతా ఏటా ఫిలింనగర్‌లో ఒక సభ జరుపుకుంటారట. ఈసారి అందులో తనకు ఒక చిన్న జావళి చేసే అవకాశం ఇచ్చారు. మేకప్‌తో, గజ్జెలతో, వేదిక మీద ఒక్కతే ఉన్న ఫోటో ఒక్కటి కావాలి. అంతే ఆమె కోరిక.

యూసుఫ్‌గూడలో ఇడ్లీ

సికింద్రాబాదులో రైలు దిగి, మెట్రోలో యూసుఫ్‌గూడ చేరి, ముందు ఒక బండి దగ్గర ఆగాను. నాలుగు ఇడ్లీ నలభై రూపాయలు. మా వైపు అల్లం పచ్చడి లేకుండా ఇడ్లీ పెట్టరు. ఇక్కడ పల్లీ చట్నీ పలచగా పోసి పైన కారప్పొడి చల్లారు.

"అల్లం పచ్చడి లేదా బాబూ?"

"ఆంధ్ర నుంచి వచ్చిండ్రా సార్? మా దగ్గర పల్లీదే. తినుండ్రి, మంచిగుంటది."

నిజంగానే బాగుంది, కానీ ఇడ్లీ తిన్నట్టు లేదు.

ఆటో అతనిది రహమత్ నగర్. నా బ్యాగు చూసి, "ఏ హీరో ఇంటికి తాతా?" అన్నాడు. బస్తీలోకి పోవాలన్నాను. "గిట్ల కెమెరా ఏసుకొని వచ్చినోళ్ళంతా కొండ మీదికే పొమ్మంటరు" అని అద్దంలోంచి మళ్ళీ చూశాడు. దాచడం ఎందుకని విషయం చెప్పాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అన్నాడు:

"మా అమ్మ పోయినప్పుడు ఫోటో దొరకలే. రేషన్ కార్డు మీదిది పెద్దగ చేయించినం. మా అమ్మ లెక్కనే లేదు. ఇప్పటికీ ఎవరికో దండ ఏస్తున్నట్టే అనిపిస్తది. మంచిగ తియ్యుండ్రి సార్, ఫికర్ చెయ్యకుండ్రి."

కొండ కింద ఇల్లు

ఫిలింనగర్ అనగానే మేడలు గుర్తొస్తాయి కానీ, మేడల్లో పనిచేసేవాళ్ళు, సెట్లకు రంగులు వేసేవాళ్ళు, సినిమా గుంపుల్లో నడిచేవాళ్ళు కొండ కింద సందుల్లో ఉంటారు. రత్నం ఇల్లు అక్కడ రెండు గదులు. మద్రాసు నుంచి సినిమా వాళ్ళు తరలి వచ్చినప్పుడు వచ్చి, ఇక్కడే స్థిరపడింది. ఇప్పుడు కూతురు కల్యాణి, అల్లుడితో ఉంటోంది. కల్యాణి బంజారా హిల్స్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేస్తుంది.

రత్నాన్ని చూసి, బ్యాగు దించకుండా గుమ్మంలోనే నిలబడ్డాను. ఆమే మాట్లాడింది.

"అంతగా చూడకండి బావగారూ. మేకప్ వేస్తే మనిషిలా ఉంటాను."

నా కోసం పక్కింటావిడ చేత సర్వపిండి చేయించి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె అడుక్కి అద్ది కాల్చే రొట్టె అది; మా వైపు లేదు. నేను తింటుంటే చూస్తూ కూర్చుంది. ఆమె మజ్జిగ తప్ప ఏమీ తాగడం లేదు.

తిన్నాక మంచం కింద నుంచి స్కాన్ ఫిల్ము తీసి నా చేతికిచ్చింది. కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాను. నా పాత ఉద్యోగం అదే కదా.

"ఇంకెన్నాళ్ళండీ?"

"అది ఫిల్ములో కనపడదమ్మా."

"మరేం కనపడుతుంది?"

"ఎక్కడెక్కడ ఉందో కనపడుతుంది."

"ఫోటోలు తీసేవాళ్ళెవరూ పనికిరారు" అంది, ఫిల్ము లాక్కుని కవర్లో పెట్టేస్తూ.

కల్యాణికి ఈ ప్రయత్నమే ఇష్టం లేదు. "మనిషి ఇంట్లో తిరుగుతుండగా ఈ మాటలేంటి పెదనాన్నా? నార్మల్‌గా ఒక ఫోటో దిగితే సరిపోదా?" అని వంటగదిలోంచి అంది.

"నార్మల్‌గా ఎక్కడ దిగానే నేను?" అంది రత్నం. "ఒక్కదాన్నే ఉన్న ఫోటో ఆధార్ కార్డు మీద ఉంది. మిగతావన్నీ పాటల్లోవి. అందులోంచి నన్ను కత్తిరించాలంటే హీరోయిన్ జడ తెగుతుంది."

కొండ మీద

మర్నాడు పొద్దున సభ జరిగే హాలు చూడటానికి నడిచి వెళ్ళాను. జూబ్లీహిల్స్‌లో ఇళ్ళ గోడలు తాటిచెట్టంత ఉంటాయి. వీధులకు పేర్ల బదులు నంబర్లు. మా ఊళ్ళో పొద్దున్నే అరుగుల మీద మనుషులుంటారు. ఇక్కడ గేట్ల ముందు కాపలావాళ్ళు, జీతానికి కుక్కలను తిప్పేవాళ్ళు తప్ప కాలినడకన ఎవరూ లేరు. ఒకచోట దాహమేసి కాఫీ కొట్లోకి వెళితే కప్పు మూడు వందలన్నారు. మంచినీళ్ళు తాగి వచ్చేశాను. వాళ్ళేమీ అనుకోలేదు, అలాంటివాళ్ళు రోజూ వస్తారు కాబోలు.

హాలు గేటు దగ్గర కాపలా అతను బ్యాగు విప్పించాడు. రేపటి సభకు ఫోటోలు తీసేవాణ్ణన్నాను. "ఈ వయసుల ఫోటోగ్రాఫరా?" అని నవ్వి వదిలాడు.

వేదిక మీద నాట్యాన్ని ఫోటో తీయడం పెళ్ళి ఫోటో తీయడం లాంటిది కాదు. ఫ్లాష్ వాడకూడదు, ఆడేవాళ్ళ కళ్ళు చెదురుతాయి. కెమెరా చప్పుడు చేయకూడదు. దాని మీద వెలిగే చిన్న ఎర్ర దీపం కూడా వెనకవాళ్ళకు ఇబ్బంది, దానికి నల్ల కాగితం అంటించుకుంటాను. చొక్కా కూడా నల్లదే వేసుకోవాలి. (కల్యాణి దాన్ని చూసి, ఇలాంటప్పుడు ఆ అశుభం రంగెందుకు పెదనాన్నా అంది.) అన్నిటికన్నా ముఖ్యం పాట తెలియడం. చరణం చివర అడుగుల వరస తీర్మానంతో ముగిసి శరీరం ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణం వచ్చాక నొక్కితే ఆలస్యమైపోతుంది, రాబోతుండగానే నొక్కాలి. అందుకని ముందు రాత్రి రత్నం చేత పాట పాడించుకుని, ఎక్కడ ఆగుతుందో చేత్తో తాళం వేసుకుని నేర్చుకున్నాను. నాయకుడు రాలేదని నాయిక ఎదురుచూసే పాట అది. పాడుతూ మధ్యలో రెండుసార్లు ఊపిరాడక ఆగిపోయింది.

ఖాళీ హాలులో

సాయంత్రం రిహార్సల్. లైట్లు వేసే మనిషి పేరు యాదయ్య. వేదిక నడుమ పైనుంచి ఒక గుండ్రటి వెలుగు పడుతుంది. అదొక్కటే ఉంటే కళ్ళు గుంటల్లా వస్తాయి, ముందు నుంచి ఇంకో దీపం కలపమని అడిగాను.

"సార్, రేపు ఇన్ని ఐటమ్‌లున్నయి. ఒక్కొక్కరికి ఒక్కో తీరు లైటంటే నేను ఇంటికి పోవాల్నా వద్దా?" అన్నాడు. తర్వాత రత్నం వైపు చూసి, "సరే, ఈ అమ్మ కోసం ఒకటి పెడత. లైటు మాత్రం జరపను. మనిషే లైట్లకు రావాలె" అన్నాడు.

రత్నం మధ్యలో నిలబడింది. పాట మొదలైంది. పల్లవి తిరిగేసరికి ఆమె వెలుగులో లేదు. కొంచెం వెనక్కి, కొంచెం ఎడమకు జరిగి, అంచులో సగం మొహం చీకట్లో పెట్టుకుని ఆడుతోంది.

"రత్నం, మధ్యలోకి రా."

"మధ్యలోనే ఉన్నాను కదండీ."

ఆమెకు నిజంగానే తెలియలేదు. రెండోసారీ అంతే జరిగింది. యాదయ్య పైనుంచి నవ్వాడు.

"అమ్మా, లైటు గీడుంటే నువ్వు గాడికి పోతున్నవు. లైటేమన్న కొడ్తదా?"

అతనే దిగి వచ్చి వెలుగు నడుమ తెల్ల టేపుతో అడ్డం నిలువు గీతలు అంటించాడు. "దీని మీద నిలబడు. ఇడిచిపెట్టకు."

ఈసారి ఇంకా అన్యాయమైంది. రత్నం ముగ్గు తొక్కకూడదన్నట్టు ఆ టేపు చుట్టూ తిరుగుతోంది. ముందుకు రావలసిన అడుగు దాని దగ్గరకొచ్చి ఆగిపోతోంది. పాట ఆపించి, ఏమిటమ్మా ఇది అని అడిగాను. ఆమె టేపు వైపు వేలు చూపించింది.

"అది హీరోయిన్ మార్కు బావగారూ."

సెట్లో హీరోయిన్ నిలబడే చోట అలాగే టేపు వేస్తారట. కెమెరా దూరం అక్కడికే కొలిచి పెట్టి ఉంటుంది. గ్రూపు పిల్లల కాలు దాని మీద పడితే మాస్టరు విజిల్ వేసి పాట ఆపేస్తాడు.

"కొత్తలో ఒకసారి తొక్కాను. నా మూలాన మా వరసంతటినీ పని లేకుండా కూర్చోబెట్టారు. వాళ్ళెవరూ నాతో మాట్లాడలేదు."

"ఇప్పుడు ఇక్కడ హీరోయిన్ ఎవరున్నారు?"

"నాకు తెలుసండీ. కాళ్ళకు తెలియట్లేదు."

టేపు పీకేయించి చూశాం. అయినా కాళ్ళు పాత చోటికే పోయాయి. రత్నం ఆయాసంతో కూర్చుండిపోయింది. ఇంకొక్కసారికి మించి ఓపిక లేదని ఆమె మొహమే చెబుతోంది. తోడు వచ్చిన కల్యాణి నీళ్ళు తాగించింది. అప్పుడు రత్నం తల ఎత్తకుండానే అంది:

"బాబూ యాదయ్యా, ఆ టేపు ముందుకి, కుడి పక్కకి వెయ్యి. ఆవిణ్ణి అక్కడ నిలబెడదాం. అప్పుడు నేను లైట్లో ఉంటాను."

యాదయ్య ఈసారి హాస్యమాడలేదు. చెప్పిన చోట టేపు వేశాడు. రత్నం లేచి, ఆ లేని మనిషికి వెనకగా, ఎడమ పక్కగా నిలబడింది. వెలుగంతా ఆమె మీదే ఉంది. పాట అయ్యేదాకా అందులోంచి కదలలేదు.

నేను తీసిన ఫోటోలు వెనక్కి తిప్పి చూసుకున్నాను. మొహం స్పష్టంగా ఉంది. చూపు మాత్రం కుడి పక్కకు, ఎవరూ లేని చోటికి పోతోంది. హీరోయిన్‌ని చూసి నవ్వడం కూడా గ్రూపు వాళ్ళకు నేర్పిన పనే. నేను హాలంతా తిరిగి, ఆ టేపుకు సూటిగా ఉన్న కుర్చీ ఎంచుకున్నాను. అక్కణ్ణుంచి తీస్తే ఆమె ఫోటో చూసేవాళ్ళనే చూస్తున్నట్టుంటుంది. వెలుగు కొలత, కెమెరా వేగం, కుర్చీ, అన్నీ కుదిరాయి. ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది.

శాలువాల సభ

మర్నాడు సభ సాయంత్రం మొదలవ్వాలి. ముఖ్య అతిథులు రావడం ఆలస్యమైంది. మా ఊళ్ళోనూ ఇంతే, ఇందులో మాత్రం రెండు చోట్లకూ తేడా లేదు. వచ్చాక వేదిక మీద సోఫాలు వేశారు. ముందు ఒక టీపాయి, దాని మీద పూలగుత్తి. యాదయ్య వేసిన టేపు ఆ టీపాయి కింద ఉంది. ఉపన్యాసాలు, శాలువాలు, జ్ఞాపికలు సాగుతున్నాయి. వేదిక మీదున్నవాళ్ళు ఒకరికొకరు కప్పుకుంటున్నారు. పాత డాన్సర్లు ముస్తాబై పక్కన చీకట్లో వరసగా నిలబడి ఉన్నారు.

కల్యాణి వంగి వంగి నా కుర్చీ దగ్గరికొచ్చింది.

"పెదనాన్నా, అమ్మ నొప్పికి వేసుకున్న టాబ్లెట్ పవర్ అయిపోతోంది. చెమటలు పట్టి మేకప్ కారుతోంది."

కెమెరా తీసుకుని లోపలికి వెళ్ళాను. రత్నం గజ్జెలు కట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. డాన్సర్ల సంఘం కార్యదర్శిని పట్టుకున్నాను. ఆయనా ఒకప్పుడు డాన్సరే.

"పెద్దాయనా, అతిథులను లేవమని ఎట్లా అంటాం? వాళ్ళిచ్చిన విరాళంతోనే ఈ హాలు. ఒక పని చేద్దాం. ఇప్పుడే, వాళ్ళు కూర్చునుండగానే, ఈవిడ చేత రెండు నిమిషాలు చేయించేద్దాం."

"ఎక్కడ చేయనండీ?" అంది రత్నం.

"సోఫాల ముందమ్మా. స్టేజీ చివర."

"వాళ్ళ ముందా? పెద్దవాళ్ళకు వీపు చూపించి చేయనా?"

"ఏం కాదు, వాళ్ళేమీ చూడరు."

రత్నం నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఇంకేం చేయగలను?

ఉపన్యాసాల కోసం యాదయ్య దీపాలన్నీ తెల్లగా వేసేసి ఉన్నాడు. నేను కట్టిన లెక్కలన్నీ వృథా అయ్యాయి. నా కుర్చీ వల్ల కూడా ప్రయోజనం లేదు. నడవాలోంచి పరుగెత్తి మొదటి వరస ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. వెనక నుంచి ఎవరో, "కనపడట్లే, జర వంగు పెద్దాయనా" అన్నారు. కెమెరా కొత్తగా సరిచేసుకుంటుండగానే పాట మొదలైంది.

రత్నానికి ముందు మార్కు లేదు, హీరోయిన్ లేదు. మేమే ఉన్నాం. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక నేలకేసి, కుడి పక్కకేసి చూసింది. ఆ మొహాన్ని తీయబుద్ధి కాలేదు. పల్లవి మళ్ళీ వచ్చింది. ఎందుకు రాలేదని అడిగే చోట తల ఎత్తి నేరుగా చూసింది. నవ్వడం మర్చిపోయింది. ఎక్స్‌రే బల్ల మీద ఊపిరి బిగపట్టమన్నప్పుడు మనుషులు అలా చూస్తారు. నేను నొక్కాను.

ఆ తర్వాత రత్నానికి ఓపిక అయిపోయింది. పాట ఇంకా సాగుతుండగానే ఆగి, చేతులు జోడించింది. తొందరగా అయినందుకు కాబోలు, చప్పట్లు బాగానే పడ్డాయి. కల్యాణి వచ్చి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. కార్యదర్శి మైకు అందుకుని తర్వాతి శాలువా పేరు చదివాడు.

వెనక వరస

పొద్దున్నే మంచం మీద కూర్చోబెట్టి కెమెరా తెర మీద చూపించాను. పనికొచ్చే ఫోటో ఆ ఒక్కటే. రత్నం కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"ఇంత ముసలిదాన్నయ్యానా?"

"ఆ లైటు అలాంటిదమ్మా."

"లైటు మీద పెట్టకండి."

ఫోటోలో ఆమె వెనక సోఫాల్లో ముగ్గురు అతిథులు పడ్డారు. ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంకొకాయన నీళ్ళ సీసా ఎత్తాడు. మూడో ఆయన శాలువా కిందనుంచి ఆవలిస్తున్నాడు.

"వాళ్ళను ఎరేజ్ చేసేయొచ్చమ్మా, ఫోన్లోనే అయిపోతుంది" అంది కల్యాణి.

రత్నం ఆ మొహాలను పెద్దవి చేయించి చూసింది. నేను వచ్చాక అప్పుడే మొదటిసారి పైకి నవ్వింది, నవ్వు దగ్గుగా మారింది.

"ఉండనివ్వవే. నా వెనక వరస కదా. చూడు, ఒక్కడికీ టైమింగ్ లేదు. మా మాస్టరైతే ముగ్గుర్నీ ఇంటికి పంపేవాడు." కెమెరా నాకు తిరిగిచ్చి, "ఇదే ఖాయం చేయండి బావగారూ. ఇలాగే. ఎవర్నీ తీయొద్దు" అంది.

మధ్యాహ్నం బండికి బయల్దేరాను. గుమ్మం దాకా రాలేకపోయింది. మళ్ళీ కలుద్దామని అనబోయి, మందులు వేళకు వేసుకోమని చెప్పాను. మందులు ఆపేశారని అప్పుడు గుర్తొచ్చింది.

ఏలూరులో

ఎక్కువ రోజులు పట్టలేదు. కబురు వచ్చేసరికి నాకు జ్వరం, ప్రయాణం వద్దన్నారు. పెద్దకర్మ రోజు కల్యాణి ఫోన్లో బొమ్మ పంపింది. బల్ల మీద నేను తీసిన రత్నం ఫోటో, పెద్ద చామంతి దండ, ముందు దీపం. ఫోటోలో ఆమె వెనక అంతా నీలం రంగు. సోఫాల్లేవు, మనుషుల్లేరు. జుట్టు చుట్టూ కత్తిరించిన చోట తెల్లటి అంచు మిగిలింది. ఒక చెవి జుంకీ సగం పోయింది.

కాసేపటికి కల్యాణే ఫోన్ చేసింది.

"స్టూడియో ఆయన ఒప్పుకోలేదు పెదనాన్నా. బతికున్నవాళ్ళు ఉన్న ఫోటోకు దండ వేయకూడదన్నాడు. మా అత్తగారూ అదే అన్నారు. రేపు వాళ్ళకేమైనా అయితే మన మీదకు వస్తుంది కదా. అమ్మ చెప్పింది నాకు గుర్తుంది, కానీ..."

"బాగుందమ్మా. అమ్మ బాగా కనిపిస్తోంది" అన్నాను.

రత్నం అడిగినట్టే అసలు ఫోటోను నేను పెద్దది వేయించి ఫ్రేము కట్టించాను. మా ఆవిడ ఫోటో పక్కన గోడకు మేకు కొట్టి తగిలించాను. బజారుకెళ్ళి దండ కూడా తెచ్చాను. స్టూలెక్కి, దండ చేతిలో పట్టుకుని ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడి, వేయకుండానే దిగాను. అందులో ఆమె తప్ప మిగతావాళ్ళంతా బతికే ఉన్నారు.